భోగి మంటలో వేసిన దారి

నా చిన్నప్పుడు నేనొక దారిని తగలబెట్టాను. ఇల్లు తగలబెట్టినవాళ్ళ గురించీ, కొంపలు ముంచినవాళ్ళ గురించీ మీరు వినే ఉంటారు. నేను చేసింది ఆ రెండూ కలిసిన పని. తగలబడింది పన్నెండు కర్రలే, కానీ దానివల్ల మునగబోయింది మా కొంపే. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తెలివి రావలసిన వయసే. కాకపోతే దారి లేని ఊరు కదా, అది మా ఇంటిదాకా రాలేకపోయింది.

ఇలాంటివాణ్ణి పట్టుకుని రెడ్‌మండ్‌లో ఒక కంపెనీ ఇరవై ఏడేళ్ళపాటు జనానికి దారి చూపించే సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. ఇంటర్వ్యూలో వాళ్ళు ఈ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. మొన్నామధ్య మా మనవరాలు కారు వెనక సీట్లో కూర్చుని, "తాతయ్యా, రోడ్ లేని ఊరు రియల్‌గా ఉంటుందా?" అని అడిగింది. నేను పెరిగింది అలాంటి ఊళ్ళోనేనమ్మా అన్నాను. "మరి గ్రాసరీస్‌కి ఎట్లా వెళ్ళేవాళ్ళు?" అంది. నది మీద నడిచి వెళ్ళేవాళ్ళం అన్నాను. "తాతయ్య జోక్స్ వేస్తున్నాడు" అని వాళ్ళమ్మకి ఫిర్యాదు చేసి ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్లకి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు అలాస్కా నడిమధ్యన, యూకాన్ మహానదిలో కలిసే ఒక నది ఒడ్డున ఉండేది. అమ్మ గుంటూరులో చదువుకున్న డాక్టరు. నాన్న లెక్కల మాస్టారు. ఆ లోయలోని నాలుగు ఊళ్ళకీ కలిపి ఒక డాక్టరు కావాలంటే అమ్మ అర్జీ పెట్టింది, నాన్న అట్లాసు తీశాడు. అట్లాసులో ఆ ఊరు లేదు. "చిన్న ఊరే అయ్యుంటుంది, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడట నాన్న. ఆయన లెక్కలు ఎప్పుడూ తప్పలేదు. అక్కడ ప్రశాంతత తప్ప వేరే ఏమీ లేదు.

మాది ముప్పై ఇళ్ళ ఊరు. మిగతా మూడింటితో పోలిస్తే పట్నం కింద లెక్క. ఎగువన నది రెండు పాయలుగా చీలేచోట ఏడిళ్ళ ఊరొకటి, దిగువన ఇసుక మేట మీద ఇంకొకటి. నాలుగోది కొండలు మొదలయ్యేచోట. దాంట్లో రెండే ఇళ్ళు, ఇద్దరు అన్నదమ్ములవి. వాళ్ళిద్దరికీ మాటలు లేవు, కాబట్టి దాన్ని రెండు ఊళ్ళు అనడమే న్యాయం. ఈ నాలుగింటినీ కలిపేది నది ఒక్కటే. ఎండాకాలం పడవల్లో తిరిగేవాళ్ళం. నవంబరులో నది గడ్డకట్టాక అదే రోడ్డు, దాని మీద స్నోమెషీన్లు, అంటే మంచు మీద పరిగెత్తే మోటారు బళ్ళు, నడిచేవి. ఏప్రిల్ చివర్లో ఆ రోడ్డు పెళపెళా విరిగి, ముక్కలు ముక్కలుగా సముద్రానికి వెళ్ళిపోయేది.

మన భాషలో ఒక చిక్కుంది. ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, కాళ్ళ కింద గట్టిపడేదీ మంచే. మంచులో మంచిదీ చెడ్డదీ ఉంటాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరికి ఎగువన ఒక వాగు వచ్చి నదిలో కలిసేది. అక్కడ కింద నీటి వేగం ఎక్కువ, పైన గడ్డ పలచన. దాని మీద మెత్తటి మంచు పరుచుకుని, చూడ్డానికి మిగతా నదికన్నా చక్కగా, పరుపులా ఉండేది. దారి సరిగ్గా అక్కడ ఒడ్డు వదిలిపెట్టి నది మధ్యకి మళ్ళి, చుట్టు తిరిగి పోవాలి.

ఆ మలుపు కాసేవాడు పక్కింటి తాత. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉంటున్న మనిషి. ఏటా నది గడ్డకట్టగానే గొడ్డలీ, ఇనప గునపమూ పట్టుకుని వెళ్ళి, ఎక్కడ ఎంత మందం ఉందో పొడిచి చూసి, మంచి గడ్డ మీద చిల్లులు చేసి, మనిషెత్తు స్ప్రూస్ చెట్టు కర్రలు పాతేవాడు. చిల్లులో నీళ్ళు పోస్తే కర్ర బిగుసుకుపోయేది. దాని తలకి ఎర్ర గుడ్డ పీలిక కట్టేవాడు. గాలి లేచి అంతా తెల్లబడిపోయినా ఎర్ర పీలిక నుంచి ఎర్ర పీలికకి చూసుకుంటూ ఇల్లు చేరవచ్చు. ఆ యేడు గుడ్డల కోసం తలుపు తడితే, అమ్మ తను హాస్టల్లో కట్టుకున్న మంగళగిరి ఎర్రచీర తీసి, చింపి ఇచ్చేసింది. చింపేటప్పుడు ఆ చప్పుడు వినలేక నాన్న పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

అది మాకు రెండో చలికాలం. మొదటి చలికాలం వింతగా గడిచింది. రెండోసారి వింత పోయి చలి మిగిలింది. డిసెంబరులో సూర్యుడు దక్షిణపు కొండల మీద తల మాత్రం ఎత్తి, మమ్మల్ని చూసి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు దిగిపోయేవాడు. అమ్మ మాటలు తగ్గిపోయాయి. క్లినిక్‌లో పని ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొస్తే కిటికీ దగ్గర కుర్చీలో, చేతిలో చల్లారిపోయిన కాఫీతో, ఏమీ కనపడని బయటికి చూస్తూ కూర్చునేది. నేను వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే నిమిరేది గాని, ఆ చెయ్యి కూడా ఎటో చూస్తున్నట్టే ఉండేది.

ఒకరోజు కేలెండరు వైపు చూసి, "ఎల్లుండి భోగి" అంది. నాన్న మంట వేద్దామా అన్నాడు. "పాతవి ఉండాలిగా వెయ్యడానికి. ఈ ఊళ్ళో పాతదంటూ ఏముందండీ? విరిగిన పడవైనా కుక్కకి గూడవుతుంది" అంది అమ్మ. నిజమే. ఆ ఊళ్ళో ఎవరూ ఏదీ పారెయ్యరు. పొయ్యి కట్టెలు కూడా ఎవరివి వాళ్ళు వేసవంతా కొట్టుకుని పేర్చుకున్నవి. ఊరికే తగలెయ్యడానికి కాదు.

నా బుర్ర అప్పుడు పనిచేసింది. పనిచెయ్యకుండా ఉన్నా బాగుండేది. మర్నాడు బడి నుంచి వస్తూ నది మీద చూస్తే వరసగా పన్నెండు కర్రలు, తలలకి మా అమ్మ చీర ముక్కలు. చీర మాది కాబట్టి కర్రలూ మావే అనుకున్నాను. నవంబరు నుంచీ అక్కడే పడి ఉన్నాయి కాబట్టి పాతవే అనుకున్నాను. ఊళ్ళోవాళ్ళందరూ ఇంత దారి చక్కగా తొక్కి ఉంచగా ఇంకా ఈ కర్రలెందుకని కూడా అనుకున్నాను. చలికి పెళుసెక్కి ఉన్నాయేమో, రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపితే పుటుక్కున విరిగాయి. అమ్మ చీర మాత్రం కాల్చబుద్ధి కాలేదు. పీలికలన్నీ విప్పి నా పుస్తకాల సంచీలో అడుగున దాచాను. నా అతి తెలివికి అదొక్కటే దేవుడు పెట్టిన హద్దు.

భోగినాడు తెల్లవారకముందే లేవాలి కదా. ఆ ఊళ్ళో అది మహా సుఖం, పదింటికి లేచినా తెల్లవారకముందే. మేం ఎనిమిదింటికి లేచి చీకట్లో ఇంటి వెనక మంట వేశాం. కర్రలెక్కడివిరా అని నాన్న అడిగితే, ఏరుకొచ్చానన్నాను. అమ్మ పట్టుచీర మీద పార్కా, ఆ మందపాటి చలికోటు, తొడుక్కుని వచ్చింది. రేగుపళ్ళు లేవు. వేసవిలో కోసి బయట గడ్డకట్టించి ఉంచిన అడవి క్రాన్‌బెర్రీలు దోసిట్లో పోసుకుని నా నెత్తిన పోసింది. గులకరాళ్ళలాగా టపటపా తగిలాయి. "దిష్టి పోవడం మాట ఎట్లా ఉన్నా పిల్లాడి తల పగిలేట్టుంది" అన్నాడు నాన్న. అమ్మ నవ్వింది. నడుం పట్టుకుని, మంట వెలుగులో, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. లోపలికొచ్చాక దేవుడి ముందు కూర్చోబెట్టి ఎప్పటిలాగే మా పేర్లూ గోత్రమూ చెప్పించింది. "పేరూ గోత్రం చెప్పకపోతే ఎవరికి అందాలో దేవుడికెలా తెలుస్తుందిరా" అనేది. భారద్వాజస గోత్రం అని నేను గొంతెత్తి చెప్పాను. ఆ పూట నాకంటే ఘనుడు ఆ లోయలో లేడు.

పదకొండింటికి రేడియోలో కబురొచ్చింది. ఎగువ ఏడిళ్ళ ఊళ్ళో పక్కింటి తాత కూతురికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. తాత కొడుకు స్నోమెషీన్ తీశాడు, అమ్మ దాని వెనక కట్టిన స్లెడ్జి బండిలో కూర్చుంది. గాలి లేదు, తొక్కిన దారి స్పష్టంగా ఉంది. కర్రలు లేని సంగతి ఎవరూ గమనించలేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ రేడియో పలికింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం, మేం బయల్దేరుతున్నాం. గంట ప్రయాణం. వాళ్ళు బయల్దేరిన కాసేపటికి గాలి లేచింది.

ఆ గాలి ఎలాంటిదంటే, నేలా ఆకాశమూ కలిపి తెల్లగా ఒకటే గోడ. కిటికీలోంచి మా చెట్టే కనిపించలేదు. మూడైంది. చీకటి పడుతోంది. నాన్న గదిలో అటూ ఇటూ నడుస్తూ నా భుజం మీద చెయ్యివేసి, "ఏం భయం లేదు కన్నా, తాత పాతిన కర్రలున్నాయి. అమ్మ చీర పట్టుకుని అమ్మే నడిచొచ్చేస్తుంది" అన్నాడు. అరవయ్యేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. ఆ ఓదార్పు తగిలినట్టు ఏ తిట్టూ తగల్లేదు.

నాన్నకి చెప్పే ధైర్యం లేకపోయింది. బూట్లు వేసుకుని పక్కింటికి పరిగెత్తాను. తాత తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కొడుకు నది మీద ఉన్నాడు మరి. "కర్రలు లేవు. నేను కాల్చేశాను. పన్నెండూ" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. టోపీ తీసుకుని, "మంట పెట్టడం వచ్చన్నమాట. రా" అన్నాడు.

వాగు మలుపు దగ్గర ఒడ్డున ఆయన చేపలు ఎండబెట్టుకునే పందిరి ఉండేది. వేసవంతా సాల్మన్ ఎండేది అక్కడే, చలికాలమంతా ఆ కుటుంబం తినేది అదే. ఆయన గొడ్డలితో ఆ పందిరి రాటలు ఒక్కొక్కటే నరికాడు. నేను మోశాను. కిరసనాయిలు పోసి అంటించాడు. గాలికి మంట పడుకుని లేచి పడుకుని లేచింది. నాన్న కూడా వెతుక్కుంటూ వచ్చాడు. తనూ ఒక రాట భుజానికెత్తుకున్నాడు. తాత రాటలు వేస్తూనే ఉన్నాడు. పందిరి సగం అయిపోయింది. నేను మంట వైపు కాదు, ఆయన చేతుల వైపు చూస్తూ, ఇంకెన్ని రాటలున్నాయా అని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

పందిరిలో నాలుగు రాటలు మిగిలి ఉండగా ఇంజను చప్పుడు వినిపించింది. అమ్మ బట్టలు మోకాళ్ళదాకా తడిసి గడ్డకట్టి, కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. దారి తప్పి వాగు నోట్లోకి వచ్చేశారట. తాత కొడుకు అనుమానం వచ్చి, దిగి, కాలితో తడిమి చూస్తే ఆ కాలు దిగబడిపోయింది. అమ్మ స్లెడ్జి దిగి అతన్ని లాగింది. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడి ఉండగా ఒకవైపు తెలుపు కాస్త ఎర్రగా కనిపించిందట. వారం తర్వాత అమ్మ తన చేత్తోనే అతని కుడికాలి వేళ్ళు రెండు తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

మూడు రోజులకి గాలి తగ్గాక తాత వచ్చి నన్ను పిలిచాడు. పన్నెండు కొత్త కర్రలు నరికి నా స్లెడ్జిలో పెట్టాడు. మొదటి చిల్లు తవ్వి, కర్ర నా చేతికిచ్చి, "పేరు చెప్పు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఈ కర్ర చూసుకుని ఇంటికి రావలసినవాళ్ళ పేరు చెప్పాలి, లేకపోతే మంచు పట్టుకోదు, మా వాళ్ళ పద్ధతి అన్నాడు. నేను అమ్మ పేరు చెప్పాను. అలవాటుకొద్దీ గోత్రం కూడా చెప్పాను. ఆయన పెద్దమనిషిలా తలూపి నీళ్ళు పోశాడు. రెండోదానికి నాన్న. మూడోదానికి ఆయనే. నాలుగోదానికి నా దగ్గర పేరు లేదు. ఒకటిన్నర యేడాది ఆ ఊళ్ళో ఉండి, బడిలో పిల్లలు తప్ప నాకెవరి పేరూ తెలియదు. పిల్లల పేర్లు చెల్లవన్నాడు, వాళ్ళు ఒంటరిగా ఊరు దాటి ప్రయాణాలు చెయ్యరట. సున్నాకి ముప్పై డిగ్రీలు కింద, గునపం మీద గడ్డం ఆనించి, "ఇంకెవరు?" అంటూ నిలబడ్డాడు. చివరికి, "ఇంటికి పో. పేర్లు తెలుసుకుని రా" అన్నాడు.

అలా పన్నెండు కర్రలు పాతడానికి పదిరోజులు పట్టింది. రోజూ ఎవరింటికో వెళ్ళాలి, కూర్చోవాలి, ఇచ్చిన టీ తాగాలి. అడిగిన వెంటనే పేరు చెప్పే అలవాటు అక్కడ లేదు. బీవర్ అనే నీటి జంతువు తోలుతో టోపీలు కుట్టే ముసలమ్మకి మొగుడూ ఇద్దరు కొడుకులూ ఇదే నదిలో పోయారని అలాగే తెలిసింది. మాటల్లేని అన్నదమ్ముల్లో చిన్నవాడు ప్రతి శనివారమూ మా ఊరు వచ్చి, అన్నకి కూడా పొగాకు కొని, అతని గుమ్మంలో పెట్టి తలుపు తట్టకుండా పోతాడని తెలిసింది. నేను పేర్ల కోసం తిరుగుతుంటే, తోడుగా అమ్మ కూడా కుంటుకుంటూ రావడం మొదలెట్టింది. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళతో మాట్లాడేది. ఫిబ్రవరికల్లా కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది.

పన్నెండో కర్రకి ఎవరి పేరు చెప్పాలో నాకు తెలుసు. రెండు వేళ్ళు పోయినవాడి పేరు. తాత గునపం పట్టుకుని, ఊపిరి మీసాల మీద గడ్డకడుతుండగా ఎంతసేపో నిలబడ్డాడు. నేను ఆ పేరు చెప్పాను.  ఆయన నీళ్ళు పోసి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పీలికలు మాత్రం కొత్తవి కట్టాం. పాతవి సంచీలోంచి ఎప్పుడు ఎలా మాయమయ్యాయో తెలియదు, భయంతో వెతకనే లేదు.

తర్వాత మేం అలాస్కా వదిలి, దక్షిణాన రెడ్‌మండ్ వైపు వచ్చేశాం. అమ్మ పోయేదాకా ఆ భోగి కథ చెబుతూనే ఉండేది. ఎవరింటికి వెళ్ళినా, "ఎన్ని భోగులు చూసినా మావాడు వేసిన మంటే మంట" అనేది. నేను ప్రతిసారీ నవ్వి, మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి. ఆమెకి నిజం చెప్పలేదు. చెప్పకపోవడం నా దయ అనుకునేవాణ్ణి.

కిందటి నవంబరులో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. తాత లేడు, ఆయన కొడుకూ లేడు. ఆనాడు పుట్టిన పిల్ల ఇప్పుడు తల నెరిసిన పంతులమ్మ. బడిపిల్లల్ని తీసుకుని ఏటా తనే కర్రలు పాతిస్తుంది. ఆమె ముందు అరవయ్యేళ్ళవాణ్ణి తల వంచుకుని, నా తప్పు చెప్పుకున్నాను. ఆమె పిల్లల చేతి తొడుగులు సర్దుతూ, "తెలుసు" అంది. "ముప్పై ఇళ్ళ ఊళ్ళో ఏం దాగుతుంది? కాలివేళ్ళు పోయిన మా మామయ్యకి తెలుసు. మీ అమ్మకి మొదటి వారమే తెలుసు. నీ సంచీలో గుడ్డ పీలికలు చూసి, పట్టుకొచ్చి తాత ముందు ఏడ్చిందట. మా అమ్మ చెప్పేది."

నేను పిల్లల చేతుల్లోని కర్రలు చూపించి, పేర్లు చెప్పడం ఇప్పుడు మానేశారా అని అడిగాను. ఆమె పగలబడి నవ్వింది. "కర్రకి పేరేంటి? నీళ్ళు పోస్తే గడ్డకడుతుంది, అంతే. అలాంటి పద్ధతి మాకెప్పుడూ లేదు. అది మీ అమ్మే తాతకి నేర్పిందట, మీ పూజల్లో అట్లా చెబుతారట కదా. వాణ్ణి కొట్టొద్దు, ఈ పని చేయించు, మనుషులు తెలుస్తారు అందట."

యాభై యేళ్ళు. నాకు దారి చూపించింది మా ఇంటి పూజే అని తెలియడానికి యాభై యేళ్ళు పట్టింది. గోత్రం చెప్పినప్పుడు ఆ ముసలాయన అంత గంభీరంగా తలెందుకూపాడో అప్పుడర్థమైంది. నాకు తెలియకూడదని దాచుకున్న అమ్మా, తాతా ఇద్దరూ, నేను దాచానని గర్వపడుతుంటే చూస్తూ వెళ్ళిపోయారు. అమ్మ ఆ భోగి కథ చెప్పిన ప్రతిసారీ నేను వంటింట్లోకి ఎందుకు వెళుతున్నానో ఆమెకి తెలుసు. తెలిసే, ఆ మంట మంచి మంటే అని నా వీపుకి చెబుతూ వచ్చింది. ఆ మాట ఇప్పుడు ఎప్పుడు తలుచుకున్నా, ఇక మంచినీళ్ళ కోసం లేవబుద్ధి కాదు. కూర్చుని వింటాను.

ఇంతటి మోసానికి ప్రతీకారం తీర్చుకోకుండా ఎలా ఊరుకుంటాను? పంతులమ్మ అటు తిరగ్గానే పిల్లల్ని దగ్గరికి పిలిచి, చాలా గంభీరంగా మొహం పెట్టి, తాత రహస్యం చెప్పాను. పేరు చెప్పకపోతే మంచు పట్టుకోదు. వట్టి పేరు చాలదు, గోత్రం కూడా కావాలి. గోత్రమంటే ఏంటని అడిగారు. నది ఏ మలుపు నుంచి వచ్చారో అదే అన్నాను. మొదటి కర్ర ఎవరికని అడిగారు. అమ్మ పేరు చెప్పాను, గోత్రంతో సహా.

మొన్న పంతులమ్మ ఫోన్ చేసింది. "నీవల్ల ఒక పూటలో అయ్యే పని నాలుగు రోజులు పట్టింది ఈసారి. పేర్ల కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు. మొదటి కర్ర మాత్రం నీ మాట ప్రకారమే అట. ఏమిటా పేరు, నాకు నోరు తిరగట్లేదు" అని విసుక్కుని, ఫోన్ పిల్లల వైపు పెట్టింది. గాలి హోరులో పదిమంది ఒకేసారి, వచ్చీరాని యాసలో, అమ్మ పేరూ భారద్వాజస గోత్రమూ అరిచి చెప్పారు. వెనకాలే నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది.